క్యూ పక్కన యూ లేని మాటలు

ఇంగ్లీషులో క్యూ అక్షరం ఉండి, దాని పక్కన యూ లేని మాట ఒకటి చెప్పండి చూద్దాం. మా చిన్నప్పుడు ఇంగ్లీషు మాస్టారు క్యూ రాశాక కళ్ళు మూసుకుని యూ రాసెయ్యమనేవారు. క్వీను, క్వశ్చను, క్వార్టరు అన్నీ అలాగే కదా. కానీ ఒంటరి క్యూలు కూడా ఉన్నాయండీ. క్యూ పక్కన ఐ పెడితే రెండక్షరాల్లో మాట అయిపోతుంది. చైనావాళ్ళు ప్రాణశక్తిని అలా అంటారు, "చీ" అని పలకాలి. క్యూ, ఎ, టి రాస్తే యెమెన్‌లో జనం మన తమలపాకులా నమిలే ఒక ఆకు. ఎఫ్, ఎ, క్యూ, ఐ, ఆర్ రాస్తే మన ఫకీరే! స్క్రాబుల్ ఆడేవాళ్ళు ఈ మాటల్ని పోపులపెట్టెలో మెంతుల్లా దాచుకుంటారు. రోజూ ఎక్కువ అక్కర్లేదు గానీ, చేతిలోకి క్యూ వచ్చి కూర్చుని యూ ఎంతకీ రానప్పుడు ఇవే దిక్కు.

ఇల్లు చూసుకునేదాన్ని, తెలుగు మీడియంలో చదివినదాన్ని, నాకీ గొడవ పట్టింది మా మనవరాలి వల్ల. మా అమ్మాయి వాళ్ళు టెక్సస్‌లో ఉంటారు. పిల్లకి పదేళ్ళు. మాకు శనివారం పొద్దున అయితే వాళ్ళకి శుక్రవారం రాత్రి. ఇక్కడ ద్వారకా తిరుమలలో శనివారమంటే తెలుసుగా, చిన్న వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ళతో రోడ్లన్నీ నిండిపోతాయి. నేను వంట తొందరగా ముగించుకుని ఫోను ముందేసుకుని కూర్చుంటాను. అలా ఆడుతూ ఆడుతూ, అసలు ఈ అక్షరాల ఆటలు ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అని కనుక్కోవడం మొదలుపెట్టాను. అందులో ఆడవాళ్ళ చెయ్యి ఎంతుందో తెలిశాక మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టడం ఆటల కోసం మొదలైన పని కాదు. 1830ల చివర్లో మోర్సు టెలిగ్రాఫు తయారవుతున్న రోజుల్లో ఆయనతో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిల్ ఒక అచ్చాఫీసుకి వెళ్ళి, అక్కడి పెట్టెల్లో ఏ అక్షరం దిమ్మలు ఎన్ని ఉన్నాయో చూశాడు. అన్నింటికంటే ఎక్కువున్నది ఇ. అందుకే మోర్సు కోడులో ఇ అక్షరానికి ఒక్క చుక్క చాలు. మనం ఉప్పు డబ్బాని చేతికందే చోటా, ఎప్పుడో వాడే జాజికాయని పై అరలోనూ పెట్టుకోమూ, అదే లెక్క.

దాదాపు వందేళ్ళ తర్వాత ఇదే లెక్క ఇంకొకాయన వేశాడు. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. ఊరికే కూర్చోలేక న్యూయార్క్ టైమ్స్ పేపరు ముందేసుకుని మొదటి పేజీలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుంటూ పోయాడు. స్క్రాబుల్ పెట్టెలో వంద బిళ్ళలుంటే ఇ బిళ్ళలు 12 ఉండటానికి, క్యూ, జెడ్ ఒక్కొక్కటే ఉండి పదేసి పాయింట్లు ఇవ్వడానికి ఆ లెక్కే కారణం. ఎస్ మాత్రం నాలుగే పెట్టాడు. ఇంగ్లీషులో ఎస్ ఎంత విరివిగా వస్తుందో ఆయనకి తెలియక కాదు, ప్రతి మాట చివరా ఎస్ తగిలించి బహువచనం చేసేసి పాయింట్లు కొట్టేస్తారని. ఇంట్లో పిల్లల బుద్ధి తెలిసిన మనిషి!

బట్స్ గారి భార్య నీనా ఒకప్పుడు ఆయనకే పాఠాలు చెప్పిన టీచరు. ఈ ఆటలో ఆయన్ని ఆవిడ ఓడించేది. స్పెల్లింగులో తాను అంతంతమాత్రమేనని ఆయనే ఒప్పుకున్నాడు. పెట్టె మీద మాత్రం ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఆటని చాలా కంపెనీలు వద్దన్నాయి. చివరికి 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన హక్కులు తీసుకుని, స్క్రాబుల్ అని పేరు పెట్టి సొంతంగా తయారుచేయించాడు. 1949లో అమ్ముడైనవి 2,400 పెట్టెలు, మిగిలింది 450 డాలర్ల నష్టం. 1952లో మేసీస్ అనే పెద్ద దుకాణం యజమాని సెలవులకి వెళ్ళినచోట ఆట నేర్చుకుని వచ్చి తన కొట్టులో పెట్టించాడని చెబుతారు. రెండేళ్ళు తిరిగేసరికి లక్షల పెట్టెలు అమ్ముడయ్యాయి.

క్రాస్‌వర్డు ఇంకా పాతది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పేపరు ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో మొదటిది వేశాడు. పెట్టిన పేరు వర్డ్-క్రాస్. తర్వాత పేపరువాళ్ళ చేతిలో పేరు తిరగబడి క్రాస్-వర్డ్ అయింది. కానీ దాన్ని ఒక తీరుకి తెచ్చింది మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్ అనే అమ్మాయి. ఆ పేపరు ఆఫీసులో సెక్రటరీగా చేరితే, ఈ గళ్ళ గొడవ నువ్వు చూసుకో అని ఆమెకి అంటగట్టారు. తప్పులతో వస్తున్నాయని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంటే, తనే కూర్చుని ఒకటి పూర్తి చెయ్యబోయి, ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో తెలుసుకుని, నియమాలు పెట్టుకుని సరిదిద్దింది. 1924లో సైమన్ అండ్ షూస్టర్ వాళ్ళు మొట్టమొదటి క్రాస్‌వర్డు పుస్తకం వేస్తే కూర్చినవాళ్ళలో ఆమె ఒకరు. ఆ పుస్తకం ఆలోచన కూడా సైమన్ గారి ఆంటు అడగబట్టే వచ్చింది. ఆంటు అంటే అత్తో, పిన్నో, పెద్దమ్మో మాత్రం ఇంగ్లీషువాళ్ళని అడిగినా చెప్పలేరు, అది వాళ్ళ భాష దురదృష్టం. పోతే డబ్బు పోతుందని భయపడి మొదట తమ కంపెనీ పేరు లేకుండానే అచ్చువేశారు, ప్రతి పుస్తకంతో ఒక పెన్సిలు ఇచ్చారు. విపరీతంగా అమ్ముడుపోయింది.

అదే ఏడు న్యూయార్క్ టైమ్స్ ఈ గళ్ళ పిచ్చిని పాపపు కాలక్షేపంగా తీసిపారేసింది. మళ్ళీ 1942 ఫిబ్రవరిలో, యుద్ధవార్తలతో జనం బెంగపెట్టుకుని ఉన్నప్పుడు, తనే క్రాస్‌వర్డు మొదలుపెట్టి, దాన్ని చూసుకోమని మార్గరెట్‌నే పిలిచింది. అప్పటికి ఆమె మార్గరెట్ ఫరార్. 1969 దాకా ఆ పని చేసింది. పొద్దున్నే కాఫీ తాగుతూ చేసుకునే పని గనక రోగాలు, చావులు గళ్ళలో ఉండకూడదని ఆమె పెట్టుకున్న నియమం. నాకు ఆ ఒక్క నియమంతోనే ఆవిడ చుట్టమనిపించింది.

ఇక ఈమధ్య అందరూ ఆడిన వర్డిల్ సంగతి చూడండి. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన తోడుగా ఉన్న పలక్ షా కోసం చేసిన ఆట. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు సుమారు 12,000 ఉంటే, అందులో సగానికి పైగా ఎవరూ వినని మాటలు. ఒక్కొక్కటీ చూసి, ఇది మామూలు మనిషికి తెలిసే మాట, ఇది కాదు అని ఏరుతూ 2,500 దాకా మిగిల్చింది పలక్ షానే. బియ్యంలో మట్టిగడ్డలు ఏరడంలాంటి పని. ఆట అంత అందంగా ఉండటానికి ఆ ఏరివేతే కారణమని నా ఉద్దేశం. 2021 నవంబరు మొదట్లో 90 మంది ఆడుతుంటే, జనవరికల్లా మూడు లక్షలమంది. నెలాఖరుకి న్యూయార్క్ టైమ్స్ కొనేసింది.

సరే, చేతిలో అక్షరాలుంటే మాట ఎలా దొరుకుతుంది? మనందరి ఇళ్ళలో ఉండే శంకరనారాయణ డిక్షనరీ దీనికి పనికిరాదు. మొదటి అక్షరం తెలిస్తేనే అది తలుపు తీస్తుంది. మూడో అక్షరం జెడ్, చివరి అక్షరం వై అంటే నోరు మూసుకుంటుంది. ఇంగ్లండులో జాన్ వాకర్ అనే ఆయన 1775లోనే మాటల్ని చివరి అక్షరం నుంచి వెనక్కి చూసే వరసలో పెట్టి నిఘంటువు వేశాడు, కవులకి అంత్యప్రాసలు దొరకడానికి. ఇప్పుడు ఫోనులో అక్షరాలు కొడితే మాటలన్నీ వరసకట్టి వచ్చేస్తాయి. మా ఆటలో అది నిషిద్ధం, మనవరాలి ఆజ్ఞ.

ఆ నిషిద్ధం అన్న మాట దగ్గరే నాకు మనవాళ్ళు గుర్తొచ్చారు. ఫలానా అక్షరం ఫలానా చోట ఉన్న మాట కావాలి అన్న వెతుకులాట తెలుగువాళ్ళకి కొత్తా చెప్పండి? మన పద్యంలో ప్రాస అంటే ఏమిటి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావడమే కదా. అంటే పద్యం రాసే ప్రతివాళ్ళూ రెండో అక్షరంతో మాటలు వెతుక్కునేవాళ్ళే. కానీ బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885లో వచ్చినా, అది మొదటి అక్షరం వరసలోనే. రెండో అక్షరం వరస కవి బుర్రలో ఉండాల్సిందే.

అవధానం చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. నిషిద్ధాక్షరిలో అవధానిగారు ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వస్తుందో పృచ్ఛకుడు ఊహించి అది వద్దంటాడు. ఆయన ఇంకో అక్షరంతో దారి మళ్ళించుకుని మాట పూర్తిచేయాలి, ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. వ్యస్తాక్షరిలో అయితే ఒక వాక్యంలో అక్షరాలని విడగొట్టి, పదకొండోది ఇది, మూడోది ఇది అని మధ్యమధ్యలో అందిస్తారు. అవన్నీ మనసులోనే వరసపెట్టుకుని చివర్లో వాక్యం అప్పజెప్పాలి. కాగితం లేదు, బిళ్ళలు లేవు. ఈ అవధానాన్ని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు భీమవరం దగ్గర యండగండిలో 1872లో పుట్టారు, మనకి కొల్లేటికి అవతలి వైపే. సంస్కృతంలో దండి దశకుమార చరితంలో ఒకడు తన కథంతా పెదవులు కలిసే అక్షరం లేకుండా చెబుతాడు. కారణమేమిటంటే, ప్రియురాలు పెదవి కొరికిందట! పిల్లలతో ఆడేటప్పుడు ఆ కారణం చెప్పకండి, పెదవి చిట్లింది అంటే చాలు.

మరి తెలుగులో స్క్రాబుల్ బిళ్ళలు ఎందుకు కుదరవు అని మనవరాలు అడిగింది. ఇంగ్లీషులో 26 అక్షరాలు. మనకి 36 హల్లులకి పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా 432 అవుతాయి, ఆపైన ఒత్తులు. అన్ని బిళ్ళలు పొయ్యాలంటే బియ్యం డబ్బా కావాలి. అందుకే తెలుగు గళ్ళలో ఒక్కో గడిలో గుణింతంతో సహా అక్షరం పడుతుంది. మ్యాంగో అంటే వాళ్ళకి అయిదు గళ్ళు, మామిడి మనకి మూడే. శ్రీశ్రీగారు పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్రగారు గళ్ళ నుడికట్టు అన్నా ఈ చిక్కు దాటుకునే నడిపారు. మా అమ్మ వారపత్రిక రాగానే ఆ పేజీ ఎవరికీ ఇచ్చేది కాదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెన్సిలు పట్టుకునేది. చదివింది అయిదో తరగతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా మనవరాలు స్క్రాబుల్ కోసం కాదు, స్పెల్లింగు పోటీల కోసం తయారవుతోంది. అమెరికాలో జాతీయ స్పెల్లింగ్ బీ 1925లో మొదలైంది. మొదటిసారి గెలిచిన పదకొండేళ్ళ పిల్లాడు చెప్పిన మాట గ్లాడియోలస్, ఒక పువ్వు పేరు. 1985లో బాలు నటరాజన్ గెలిచాక మనదేశపు పిల్లలు ఆ దారి పట్టారు. నార్త్ సౌత్ ఫౌండేషన్ అని డాక్టర్ రత్నం చిట్టూరి గారు 1989లో పెట్టిన సంస్థ ఉంది. అక్కడి మనపిల్లలకి పోటీలు పెట్టి, ఆ వచ్చిన డబ్బుతో ఇక్కడ బీదపిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. 2008 నుంచి 2019 దాకా జాతీయ పోటీలో ప్రతి ఏడూ గెలిచినవాళ్ళలో మన దేశపు మూలాలున్న పిల్లలున్నారు. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి. 2024లో గెలిచిన బృహత్ సోమ వాళ్ళ నాన్నగారిది నల్లగొండ. ఆఖరి విడతలో ఆ పన్నెండేళ్ళ పిల్లాడు 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు.

ఇవి చదివితే మనకి ఛాతీ పొంగుతుంది. కానీ ఇంట్లో పిల్ల చేస్తున్నప్పుడు వేరుగా ఉంటుంది. స్కూలు నుంచి వచ్చాక రెండు గంటలు, సెలవులైతే అయిదారు గంటలు మాటల పట్టీలు. కిందటేడు ఒక పోటీలో ఫ్రెంచి మాట ఒకటి ఒక్క అక్షరం తేడాతో పోయింది. పిల్ల కారులో ఇంటికి వచ్చేదాకా ఏడ్చిందట. మా అమ్మాయి నాకు ఫోను చేసి తనూ ఏడ్చింది. "మాన్పించెయ్యవే" అన్నాను. "దానికే ఇష్టమమ్మా, నేను బలవంతపెట్టట్లేదు" అంది. అది నిజమే, నేను చూశాను. అయినా పదేళ్ళ పిల్ల ఇష్టంలో అమ్మ కళ్ళల్లో కనిపించే వెలుగు వాటా ఎంతో ఎవరు లెక్కపెట్టగలరు? ఆ లెక్కకి బట్స్ గారి పేపరు చాలదు.

నాకు ఇంకో బెంగ. మాటలు అంతగా బట్టీపడితే అర్థాలు ఎక్కడికి పోతాయి అని. నైజెల్ రిచర్డ్స్ అని న్యూజీలాండ్ ఆటగాడున్నాడు. ఫ్రెంచి మాట్లాడటం రాదు. ఫ్రెంచి స్క్రాబుల్ మాటల పట్టీని కొన్ని వారాల్లో బుర్రకెక్కించుకుని 2015లో ఫ్రెంచివాళ్ళ మీదే ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిషులోనూ అంతే. ఆయన ప్రతిభకి దండం. కానీ అది భాష రావడం కాదు. స్పెల్లింగ్ బీలో ఒక మంచి సంగతి ఉంది. పిల్లలు మాట అర్థం అడగొచ్చు, ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు. గ్రీకు నుంచి వస్తే ఫ చప్పుడుకి పి, హెచ్ రాయాలి, ఫ్రెంచి అయితే చివరి అక్షరం పలకదు. అంటే మాట పుట్టిల్లు తెలిస్తే దాని నడక తెలుస్తుందన్నమాట.

మా అమ్మాయికి ఆఫీసు పని ఉన్న ఒక శనివారం నన్ను పట్టీ చదవమన్నారు. నేను చదివితే పిల్ల స్పెల్లింగు చెప్పాలి. నా ఉచ్చారణకి నవ్వుతుంది, నవ్వనీ. మధ్యలో బాండికూట్ అన్న మాట వచ్చింది. "ఏ భాష నుంచి, అమ్మమ్మా?" అంది అలవాటుగా. పక్కన రాసున్నది చూసి, "తెలుగు" అన్నాను. అవతల చప్పుడు లేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి, "మన తెలుగా?" అంది. పందికొక్కు తల్లీ, మన పందికొక్కే బాండికూట్ అయింది, ఇక్కడి నుంచి ఇంగ్లీషువాళ్ళ నోట పడి ఆస్ట్రేలియా దాకా పోయి అక్కడి ఇంకో జంతువుకి పేరైంది అన్నాను. క్రాష్ బాండికూట్ అని వీడియో గేము ఉందిట, ఆ పేరు దానికి ముందే తెలుసు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మన్ అని వందలసార్లు విన్న పిల్ల చెవిలో తెలుగు అన్న మాట ఆ వరసలో పడటం అదే మొదటిసారి. దాని లెక్కలో తెలుగంటే అమ్మమ్మతో ఫోనులో మాట్లాడేది, అన్నం తిన్నావా అని అడిగేది. అంతే.

అప్పట్నుంచీ దానికి ఇలాంటివి ఏరిపెట్టడం నా పని. గోడౌను ఉంది, మలయా భాష మీదుగా ఇంగ్లీషుకి వెళ్ళింది. దాని మూలం మన గిడ్డంగి అనీ, తమిళం అనీ రెండు మాటలూ చెబుతారు. స్క్రాబుల్ మాటల్లో ఇడ్లీ, దోసె, రోటీ, నెయ్యికి ఘీ ఉన్నాయి గానీ అవి తెలుగు నుంచి వెళ్ళినవని చెప్పుకోకూడదు, ఎవరివి వాళ్ళకి ఇవ్వాలి. బాండికూట్‌కి బిళ్ళల మీద ఉన్న పాయింట్లు కలిపితే 14. తొమ్మిదక్షరాలు గనక, చేతిలో ఏడు బిళ్ళలే ఉండే ఆటలో బల్ల మీద ముందే రెండక్షరాలు సరైన దూరంలో దొరకాలి. మాకింకా దొరకలేదు.

దానికి బదులు ఇప్పుడు ఆఖరి పది నిమిషాలు ఒక తెలుగు ఆట పెట్టుకున్నాం. నేను రెండో అక్షరం చెబుతాను, అది మాటలు చెప్పాలి. ప్రాస అని పేరు చెప్పలేదు, చెబితే పాఠమనుకుంటుంది. కిందటి వారం ట్ట ఇచ్చాను. చెట్టు, గట్టు, బుట్ట, చట్నీ అంది. చట్నీ కాదన్నాను, అందులో ఉన్నది ట్న. కాసేపు పోట్లాడింది. తర్వాత పిట్ట అంది. అది ఇంగ్లీషు మాట కూడా తెలుసా అన్నాను. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక రంగురంగుల పక్షిజాతికి పిట్టా అని మన మాటే పేరు పెట్టాడు, హిందీలో మన దేశపు పిట్టాని నవరంగ్ అంటారు. కొల్లేటి గూడబాతులు చూడటానికి వచ్చినప్పుడు ఆటపాకలో అది కనపడుతుందా అని అడిగింది. నీళ్ళలో ఉండే పక్షి కాదు, చెట్ల కింద ఆకుల్లో తిరిగేది అన్నాను. అయితే పిట్టకి తెలుగు పాయింట్లు వెయ్యాలా, ఇంగ్లీషు పాయింట్లు వెయ్యాలా, రెండూ వెయ్యాలా అని అడిగింది. రెండూ వెయ్యాలని దాని వాదన. నేనింకా ఒప్పుకోలేదు.